ఫ్యోర్డ్ ఒడ్డున మేకల ఊరు

శ్రోతలకు నమస్కారం. ఈరోజు నార్వేలోని ఉండ్రెడాల్ అనే పల్లె గురించి చెబుతాను. జనాభా వందకు అటూ ఇటూ, మనుషులకంటే మేకలే ఎక్కువ.

మంచుయుగంలో హిమనదాలు కొండల్ని తొలిచేస్తే, ఆ లోయల్లోకి సముద్రం వచ్చి చేరింది. అదే ఫ్యోర్డ్. ఇక్కడిది సోగ్నె ఫ్యోర్డ్‌కి ఒక పాయ. అసలు ఫ్యోర్డ్ అయితే 200 కిలోమీటర్లకు పైగా లోపలికి వస్తుంది, అత్యంత లోతైన చోట 1,300 మీటర్లు! రెండు వైపులా నిటారు కొండలు, మధ్యలో కాస్త చదును నేల, అందులో ఈ ఊరు.

1988 దాకా ఊరికి రోడ్డు లేదు. రోడ్డు లేదనగానే మనం అయ్యో అనుకుంటాం, కానీ వాళ్ళకి నీళ్ళే రోడ్డు. సరుకులొచ్చినా పడవే, చుట్టాలొచ్చినా పడవే. 12వ శతాబ్దం నాటి చెక్క చర్చి ఒకటి ఉంది, 40 మంది కూర్చుంటే నిండిపోతుంది. అంత పాత ఊరు!

మరి ఏం తిని బతికారు? దున్నడానికి నేల తక్కువ, కొండ మీద గడ్డికి లోటు లేదు. ఆ ఏటవాలు మీద మేక మేస్తుంది. అందుకే మేకలు, అందుకే జున్నులాంటి చీజ్.

నాకు బాగా నచ్చింది ఈ చీజ్ సంగతే. మేకపాలు తోడుకున్నాక గడ్డను తీసి తెల్ల చీజ్ చేస్తారు. మిగిలిన తేటను పారబోయరు. పెద్ద గిన్నెలో పోసి, గంటల తరబడి, అడుగంటకుండా కలుపుతూ, కలుపుతూ మరిగిస్తారు. నీరంతా ఇగిరిపోయి, పాలలోని చక్కెర మాడీమాడనట్టు గోధుమరంగుకు తిరుగుతుంది. అచ్చం మన కోవా కాచినట్టే! దించాక కూడా కలపడం ఆపరు, ఆపితే పలుకులు కడుతుంది. చల్లారాక అచ్చుల్లో నొక్కితే గోధుమరంగు చీజ్ తయారు. తియ్యగా, కొంచెం ఉప్పగా, మేకపాల ఘాటుతో ఉంటుంది. పల్చటి రేకుల్లా కోసి బ్రెడ్ మీద వేసుకుంటారు. తేట దగ్గరపడి గట్టిపడింది కాబట్టి చాలాకాలం నిల్వ ఉంటుంది, పడవ కోసం ఎదురుచూసిన రోజుల్లో ఆ ఊళ్ళో అదెంత అవసరమో ఆలోచించండి.

అందుకే మీకూ ఒక మాట. ఇంట్లో పనీర్ చేసినప్పుడు మిగిలే తేటను సింకులో పోయకండి. చపాతీ పిండి దానితో కలపండి, మెత్తగా వస్తాయి. నిమ్మరసంతో విరగ్గొట్టి ఉంటే కాస్త పులుపు తగులుతుంది, పప్పులోనూ పోయొచ్చు. మరుసటి రోజుకైతే ఫ్రిజ్‌లో పెట్టండి.