టీకాకు ముందు వారం

శ్రోతలందరికీ నమస్కారం.

టీకా వేశాక నర్సు ఒక మాట చెబుతుంది. ఒకటి రెండు రోజులు కాస్త జ్వరం రావచ్చు, ఒళ్లు నొప్పులు ఉండవచ్చు, నీరసంగా ఉండవచ్చు, కంగారుపడకండి అని. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఆ మాట చాలు. నాకు చాలదు. నాకు చాలా ఏళ్లుగా కీళ్లవాతం ఉంది. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అంటారే, అది. టీకా వేయించుకోని రోజున కూడా నాకు ఒళ్లు నొప్పులుంటాయి. నీరసం లేకుండా తెల్లవారడమే అరుదు. అలాంటప్పుడు, నొప్పులు రావచ్చు అంటే నేనేం అర్థం చేసుకోవాలి?

కీళ్లవాతమే కాదు. షుగర్, ఉబ్బసం, లూపస్, కిడ్నీ జబ్బు, ఏదైనా సరే, ఏళ్ల తరబడి ఒక జబ్బుతో కాపురం చేస్తున్నవాళ్లకు టీకా తర్వాత ఒంట్లో తేడా కనిపిస్తే మూడు ప్రశ్నలు ఒక్కసారే మీద పడతాయి. ఇది టీకా వల్లనా? జబ్బు వల్లనా? మందుల్లో వచ్చిన మార్పు వల్లనా? ఈ మూడూ కాస్త గుర్తుంచుకోండి. టీకానా, జబ్బా, మందా. ఇవాళ నా మాటలన్నీ వీటి చుట్టూనే.

ముందు ఒంటి లోపల జరిగేది క్లుప్తంగా చెబుతాను. సూది గుచ్చిన చోట కండలో రక్షణ కణాలు ఉంటాయి. కొత్త పదార్థాన్ని పసిగట్టగానే అవి సైటోకైన్లు అనే రసాయనాలను వదులుతాయి. ఇంటర్‌ల్యూకిన్ 6, టీఎన్‌ఎఫ్ అనేవి వాటిలో ముఖ్యమైనవి. వీటి ప్రభావం మెదడు దాకా పాకితే జ్వరం, వణుకు, నొప్పులు, ఏదీ తినబుద్ధి కాకపోవడం. ఇప్పుడు అసలు సంగతి. కీళ్లవాతంలో నా వేళ్ల కీళ్లను వాపెక్కించేవి కూడా ఇవే. అదే ఇంటర్‌ల్యూకిన్ 6, అదే టీఎన్‌ఎఫ్. మా జబ్బుకు ఇచ్చే ఇంజెక్షన్లలో కొన్నింటి పని ఈ రెండింటిలో ఒకదాన్ని అడ్డుకోవడమే. కాబట్టి టీకా మర్నాటి నొప్పి, జబ్బు తిరగబెట్టినప్పటి నొప్పి ఒకేలా ఉన్నాయని ఎవరైనా అంటే, దయచేసి అది వాళ్ల ఊహ అని కొట్టిపారేయకండి.

ఇక నా అనుభవం ఒకటి పూర్తిగా చెబుతాను.

నేను వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ మాత్రలు వేసుకుంటాను. రోగనిరోధక వ్యవస్థ దూకుడును ఈ మందు తగ్గిస్తుంది. దాంతో టీకా ఇచ్చే రక్షణ కూడా కొంత తగ్గవచ్చు. అందుకని ఫ్లూ టీకా వేయించుకున్నాక, జబ్బు అదుపులో ఉన్నవాళ్లు రెండు వారాలు ఈ మాత్రలు ఆపవచ్చని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. జబ్బు అదుపులో ఉంటేనే సుమా. అదీ ఫ్లూ టీకాకే. ఎవరికి వారు ఆపేసే సంగతి కాదు, డాక్టర్ చెబితేనే ఆపాలి. మా డాక్టర్ ఆ ఏడాది నన్ను ఆపమన్నారు, ఆపాను.

ఎడమ చేతికి వేశారు. ఆ రాత్రి భుజం బరువెక్కింది, ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోయాను. మర్నాడు జ్వరం. నడుము, తొడలు ఎవరో పిండేసినట్టు నొప్పి. పారాసెటమాల్ వేసుకుని దుప్పటి కప్పుకున్నాను. తర్వాతి రోజుకు జ్వరం దిగింది, నొప్పులు పోయాయి, చెయ్యి నొక్కితే తప్ప టీకా వేయించుకున్న సంగతే గుర్తు లేదు. రోజులు మామూలుగా గడిచాయి. ఆ తర్వాత, రెండో వారంలో, ఒక పొద్దున లేచేసరికి కుడి మణికట్టు వాచి ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి వేళ్లు వంగలేదు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "ఆ టీకా వల్లే, వద్దంటే విన్నావా?" అని. ఎడమ చేతికి వేస్తే కుడి మణికట్టు ఎందుకు వాస్తుందని నేను వాదించలేదు. ఒళ్లంతా తిరిగే రసాయనాలకు ఎడమ, కుడి అని ఉండదు. వాళ్ల అనుమానం న్యాయమైనదే.

కానీ నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. టీకాకు ముందు వారం నుంచి రోజుకు ఒక్క లైను చొప్పున రాస్తూ వచ్చాను. డాక్టర్ దగ్గరికి అదే పట్టుకెళ్లాను. అందులోంచి కొన్ని లైన్లు చదువుతాను, వినండి.

టీకాకు ముందు రోజు. పొద్దున కీళ్లు పట్టేయడం అరగంట. వాపు లేదు. నిద్ర పట్టింది.

టీకా మర్నాడు. జ్వరం 101. తొడలు, నడుము నొప్పి. కీళ్ల వాపు లేదు.

ఆ తర్వాతి రోజు. జ్వరం లేదు. పట్టేయడం అరగంట.

ఇక అక్కణ్ణించి వరసగా, మామూలే, మామూలే, మామూలే. మధ్యలో ఒకచోట, ఈ వారం మాత్రలు లేవు. కాస్త కిందకి వెళ్తే ఇంకోసారి, ఈ వారం కూడా మాత్రలు లేవు. ఆ కింద లైను, పట్టేయడం గంట దాటింది, కుడి మణికట్టు వాపు.

డాక్టర్ ఆ మామూలే, మామూలే అన్న లైన్ల మీద వేలు పెట్టి ఆగారు. "టీకా వల్ల వచ్చిన వాపే అయితే జ్వరంతో పాటు మొదలై ఉండాలమ్మా. మధ్యలో ఇన్ని మంచి రోజులు ఉండవు. మందు ఆగేసరికి జబ్బు తలెత్తినట్టుంది," అన్నారు. టీకానా, జబ్బా, మందా అని అడిగితే, ఈసారి జవాబు మందు వైపు తేలింది. మరుసటి ఏడాది మాత్రలు ఆపకుండానే ఫ్లూ టీకా వేశారు. జ్వరం వచ్చింది, పోయింది. మణికట్టు వాయలేదు. ఒక్కసారి జరిగినదాన్ని రుజువు అనలేం, నిజమే. కానీ ఆ లైన్లే లేకపోతే నేను ఫ్లూ టీకా నా ఒంటికి పడదని తీర్మానించుకుని మళ్లీ ఆ వైపు వెళ్లేదాన్ని కాదు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకు ఫ్లూ వస్తే న్యుమోనియా దాకా వెళ్లే ప్రమాదం ఎక్కువ. అంటే ఒక తప్పుడు అనుమానం నాకు ఏళ్ల తరబడి రక్షణ లేకుండా చేసేది.

టీకా తర్వాత ఏం జరిగిందో చాలామంది రాసుకుంటారు. ముందు వారం ఎలా ఉన్నామో ఎవరూ రాయరు. ముందు వారమే ముఖ్యం. ముందు వారం లేకపోతే, తర్వాత వచ్చినదాన్ని దేనితో పోల్చి చూస్తారు?

మా అక్కకు షుగర్. ఇన్సులిన్ వాడుతుంది. తన నోటుబుక్కులో కీళ్ల సంగతి ఉండదు, అన్నీ అంకెలే. ఒకసారి టీకా మర్నాడు ఫోన్ చేసి, "ఏమే, పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అయినా షుగర్ 280 చూపిస్తోంది. మిషన్ పాడైందంటావా?" అంది. మిషన్ కాదక్కా, జ్వరం అన్నాను. ఒంటికి కష్టం వచ్చినప్పుడు కార్టిసాల్, అడ్రినలిన్ హార్మోన్లు పెరుగుతాయి, అవి తిండి తినకపోయినా షుగర్‌ను పెంచుతాయి. తినలేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా మానేయడం ప్రమాదం, ముఖ్యంగా టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లకు. మామూలు కంటే ఎక్కువసార్లు చూసుకోవాలి, నీళ్లు తాగుతూ ఉండాలి. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లు, జ్వరం వచ్చి తిండి సహించకపోతే వాటిని తాత్కాలికంగా ఆపాలా అని ముందుగానే డాక్టర్‌ని అడిగి పెట్టుకోవాలి. చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లకు అడగాల్సిన ప్రశ్న వేరు. వాళ్లు హఠాత్తుగా మందు ఆపకూడదు సరికదా, జ్వరం వస్తే కొందరికి మోతాదు పెంచాల్సి రావచ్చు. ఇవన్నీ జ్వరం వచ్చాక రాత్రి పూట ఆలోచించే సంగతులు కావు. ముందు వారంలోనే అడిగి, జవాబు అదే నోటుబుక్కులో రాసుకోండి.

ఇంకొక విషయం నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. కోవిడ్ టీకాల పరీక్షల్లో కొందరికి అసలు టీకా, కొందరికి మందు లేని ఉత్తుత్తి సూది వేశారు కదా. ఆ పరీక్షలు పన్నెండింటిని కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2022లో వచ్చింది. మొదటి డోసులో ఉత్తుత్తి సూది వేసినవాళ్లలో కూడా సుమారు 35 శాతం మంది తలనొప్పి, అలసట లాంటివి చెప్పారు. ఇది విని కొందరు, చూశారా, అంతా మనసు చేసే మాయే అన్నారు. నేను ఒప్పుకోను. తలనొప్పి, అలసట మనుషులకు మామూలు రోజుల్లోనూ వస్తూ ఉంటాయి. టెన్షన్ వల్ల కూడా వస్తాయి. కారణం టీకా కాకపోయినంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు. మాలాంటి వాళ్లకు డాక్టర్ల గదుల్లో ఏళ్లుగా వినిపించే మాటే అది, అంతా మీ మనసులోనే ఉందని. ఆ 35 శాతం అంకె నాకు చెప్పింది వేరే. రోజూ ఉండే అలసట ఎంతో ముందే రాసి పెట్టుకోకపోతే, టీకా తెచ్చిన అలసట ఎంతో తేల్చలేం. మళ్లీ ముందు వారం దగ్గరికే వచ్చాం.

కొన్నింటికి మాత్రం నోటుబుక్కు తెరిచి కూర్చోకూడదు. టీకా వేసిన కొద్ది నిమిషాల్లోనే పెదాలు, ముఖం వాచడం, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి తీవ్రమైన ఎలర్జీ లక్షణాలు. వేసిన చోట పదిహేను నిమిషాలో అరగంటో కూర్చోమనేది అందుకే. వెంటనే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం నిలుస్తుంది. ఇంటికొచ్చాక తర్వాతి రోజుల్లో గుండె నొప్పి, ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. సూదితో వేసే టీకా వల్ల సాధారణంగా దగ్గు రాదు, మూత్రంలో మంట రాదు. జ్వరంతో పాటు అవి ఉంటే, లేదా జ్వరం మూడు రోజులు దాటితే, టీకా జ్వరమేలే అని ఊరుకోకండి. ఇన్ఫెక్షన్ కావచ్చు. ఇంటర్‌ల్యూకిన్ 6ను అడ్డుకునే ఇంజెక్షన్లు వాడేవాళ్లకైతే ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం పైకి కనిపించకపోవచ్చు.

తేడా కనిపిస్తే చెప్పడం వల్ల ఏమవుతుందని కొందరు నిరాశగా అంటారు. ఒకటి చెబుతాను. పసిపిల్లల విరేచనాలకు అడ్డుకట్ట వేసే రోటాషీల్డ్ టీకాకు అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. 1999 జూలై నాటికి, టీకా తర్వాత పేగు ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోయి మడతపడిన పిల్లల వివరాలు పదిహేను, ఫిర్యాదులు నమోదు చేసే వ్యవస్థకు చేరాయి. పదిహేనే. ఆ నెలలోనే ఆ టీకా వేయడం ఆపమన్నారు, ఆ ఏడాదే దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. తర్వాత అమెరికాలో వచ్చిన రెండు రోటా టీకాలను ఒక్కొక్కదాన్ని అరవై వేలకు పైగా పిల్లల్లో పరీక్షించాకే అనుమతించారు. ఆ పదిహేను వివరాలూ పంపిన డాక్టర్లు, తల్లిదండ్రులు, ఇందులో ఏముందిలే అనుకుని ఉంటే? అందుకే టీకా తర్వాత ఏదైనా అసాధారణంగా అనిపిస్తే టీకా వేసినవాళ్లకు చెప్పండి, నమోదు చేయమని అడగండి. అది టీకా వల్లేనని మీరు నిరూపించనక్కర్లేదు. అది తేల్చడం వాళ్ల పని. తేదీలతో సహా ఉన్నది చెప్పడమే మన పని.

ఇక ఆ నోటుబుక్కులో ఏం రాయాలంటారా, ఎక్కువేమీ వద్దు. రోజూ ఒకే వేళకు రాయండి. నిద్ర ఎలా పట్టింది, ఎక్కడ నొప్పి, ఎంతసేపు ఉంది, జ్వరం ఎంత, మీ జబ్బుకు సంబంధించిన అంకె ఏదైతే అది, షుగరో బీపీయో. ఆ రోజు మందులు వేసుకున్నారా, ఏదైనా ఆపారా. మొదటి పేజీలో వాడుతున్న మందుల పేర్లు పెద్ద అక్షరాల్లో రాసి టీకా రోజున నర్సుకు చూపించండి. రక్తం పలచబడే మందు వాడుతుంటే సూది తీశాక రెండు నిమిషాలు రుద్దకుండా గట్టిగా నొక్కి పట్టమంటుంది. రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసేసినవాళ్లకు రెండో చేతికి వేస్తుంది. ఇది సజీవ టీకానా అని కూడా అడగండి. బలహీనపరిచిన వైరస్ బతికే ఉండే టీకాలు, తట్టు టీకా, ఎల్లో ఫీవర్ టీకా లాంటివి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు సాధారణంగా వేయరు.

వచ్చే వారం టీకా ఉన్నవాళ్లు మొదటి లైను ఈ రాత్రే రాయండి. తేదీ వేయడం మరిచిపోకండి.

నమస్కారం.