ఒళ్ళు చేశాడనుకున్న పిల్లాడు

ముందు ఈ చపాతీ పిండి చూడండి. బొటనవేలితో నొక్కి మూడు సెకన్లు ఉంచి తీశాను. గుంట అలాగే ఉండిపోయింది కదా?

విజయవాడ సింగ్‌నగర్‌లో మా వెనక వీధిలో తోడికోడళ్ళ పిల్లలు ఇద్దరుండేవారు. ఒకే పొయ్యి, ఒకే గంజన్నం. పెద్దామె కొడుకు ఎముకల గూడైపోయాడు. రెండోవాడికేమో బుగ్గలు ఉబ్బి, జుట్టు రాగిరంగుకి తిరిగింది. "చిన్నోడు ఒళ్ళు చేశాడు, పెద్దోడికే దిష్టి తగిలింది" అనేది నాయనమ్మ. అంగన్‌వాడీ టీచర్ వచ్చి చిన్నోడి పాదాలు నొక్కితే, రెండిటిమీదా ఈ పిండిలాగే గుంటలు పడ్డాయి.

ఎండిపోతే మరాస్మస్. తిండి చాలక ఒళ్ళు తన కొవ్వునీ కండనీ కరిగించుకుని నెట్టుకొస్తుంది, అంతే. చిక్కంతా వాపుతోనే. దాని పేరు క్వాషియార్కర్. ఘనాలోని గా భాష మాట. తర్వాతి బిడ్డ పుట్టాక పై బిడ్డకొచ్చే జబ్బు అని. తల్లులు చెప్పిన ఆ పేరునే డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1935లో లాన్సెట్ పత్రికకెక్కించారు.

మాంసకృత్తులు తగ్గితే రక్తంలో నీటిని పట్టి ఉంచే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గి, ఒంట్లో నీరు చేరి వాస్తుందని చదువుకున్నాం. నేనూ క్లాసులో ఏళ్ళ తరబడి అదే అప్పజెప్పాను. కానీ 1968లోనే హైదరాబాద్‌లో పోషకాహార శాస్త్రవేత్త గోపాలన్ గారు ఈ రెండు రకాల పిల్లల తిండిలో తేడా కనబడలేదన్నారు. తేడా ఒళ్ళు తట్టుకునే తీరులో ఉందన్నారు.

మరి జన్యువులా? మలావీలో 317 జతల కవలల్ని మూడేళ్ళ వయసుదాకా గమనించి 2013లో ఫలితాలు చెప్పారు. అచ్చు గుద్దినట్టుండే కవలల్లోనూ ఒకరికి వచ్చి ఇంకొకరికి రాని జతలున్నాయి. జబ్బుపడ్డ పిల్లల పేగుల్లోని సూక్ష్మజీవుల్ని ఎలుకల్లోకి ఎక్కించి మలావీ తిండే పెడితే, కొన్ని బాగా చిక్కిపోయాయి. 2019లో ఇంకో ముక్క తేలింది: వాచిన పిల్లల డీఎన్ఏ మీద మీథైల్ గుర్తులు (ఏ జన్యువు ఎంత పనిచెయ్యాలో మార్చే రసాయన గుర్తులు), ఎండిన పిల్లలకంటే తక్కువ. జన్యువు రాత మారలేదు, దానిమీది గుర్తులు పలచబడ్డాయి. ఇది కారణమా, జబ్బు చేసిన పనా అన్నది ఇంకా తేలాలి.

దయచేసి ఇలాంటి పిల్లలకి ఇంట్లో ప్రోటీన్ పౌడర్ పట్టకండి. ఆకలికి అలవాటుపడిన ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ముప్పు. ఆస్పత్రిలో మొదట ఇచ్చే ఎఫ్-75 పాలల్లో ప్రోటీన్ తక్కువే ఉంటుంది.

చిన్నోణ్ణి చేర్చిన వారానికి బరువు తగ్గాడు. "ఇంట్లో ఉన్న ఒళ్ళూ పోగొట్టారు" అని నాయనమ్మ నర్సు మీద పడింది. నర్సు వాడి పాదం నొక్కి చూపించింది. గుంట పడలేదు.