పట్టభద్రుల ఓటు: టిక్కు కాదు, అంకె
(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎమ్మెల్యే ఎన్నిక మీకు తెలిసిందే. మిషన్ మీద మీట నొక్కుతాం, ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లు గెలుస్తారు. మన రాష్ట్రంలో అలాంటి సీట్లు 175. శాసనమండలి సంగతి వేరు. 1985లో రద్దయి, 2007లో తిరిగొచ్చిన ఈ సభలో ఇప్పుడు 58 మంది సభ్యులు. అందులో ఐదు సీట్లకు పట్టభద్రులు, ఐదింటికి టీచర్లు ఓటేస్తారు. పట్టభద్రుల సీట్లలో ఒకటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పాత జిల్లాలకు కలిపి ఉంది. ముందు ముందు మీరు ఓటేయాల్సింది దానికే.

ఇక్కడ పేపర్ బ్యాలెట్. పార్టీ గుర్తు ఉండదు. అక్కడ ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్‌తోనే మీకు నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా 1 వేయాలి. తర్వాత ఇష్టముంటే 2, 3. టిక్కు పెట్టినా, సంతకం చేసినా, 'ఒకటి' అని అక్షరాల్లో రాసినా ఓటు చెల్లదు. ఇద్దరికి 1 వేసినా అంతే. డిగ్రీ చదివినవాళ్ల ఓట్లు ఇలా చెల్లకుండా పోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

లెక్కింపు కాస్త నిదానంగా వినండి. చెల్లిన ఓట్లు వెయ్యి అనుకుందాం. గెలవాలంటే సగానికి ఒకటి ఎక్కువ, అంటే 501 రావాలి. మొదటి ప్రాధాన్యంలో, అంటే 1 వేసిన ఓట్లలో, ఒకరికి 420, ఇంకొకరికి 380, మూడో మనిషికి 200 వచ్చాయి. ఎవరూ 501 దాటలేదు. అందరికంటే తక్కువ వచ్చిన ఆ మూడో మనిషిని పోటీలోంచి తీసేసి, ఆ 200 కాగితాల్లో 2 ఎవరికి వేశారో చూస్తారు. 50 మంది మొదటాయనకి, 130 మంది రెండో ఆయనకి వేశారు. మిగతా 20 మంది 1 వేసి ఊరుకున్నారు. ఇప్పుడు మొదటాయనకి 470, రెండో ఆయనకి 510. వెనకున్న ఆయనే గెలిచాడు! ఆ 20 కాగితాలు మాత్రం పక్కన పెట్టేస్తారు. ఆఖరి పోటీలో వాటికి మాట లేదు.

2 వేస్తే మన అభ్యర్థికి నష్టమని ప్రచారం చేస్తుంటారు. నమ్మకండి. మీరు 1 వేసిన మనిషి పోటీలో ఉన్నంతవరకు మీ 2 ఎవరూ లెక్కపెట్టరు. 2023లో మన సీటు రెండో ప్రాధాన్య ఓట్లతోనే తేలింది.

ఓటరు జాబితా గురించి. మామూలు ఓటరు కార్డు ఉంటే సరిపోదు. ఈ జాబితాను ప్రతి ఎన్నికకీ కొత్తగా రాస్తారు, పాతదాంట్లో పేరున్నా మళ్లీ ఫారం 18 నింపాలి. నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటాలి, ఇక్కడే నివాసం ఉండాలి. పదవీకాలం ఆరేళ్లు కాబట్టి మన సీటుకు ఎన్నిక మళ్లీ 2029లో రావాలి. ఓటరు నమోదు నోటిఫికేషన్ వచ్చాక తహశీల్దార్ ఆఫీసులో అడగండి. డిగ్రీ సర్టిఫికెట్ జిరాక్స్ తీసుకెళ్లండి.

ఇప్పుడు మీకు నమూనా బ్యాలెట్లు పంచుతాం. నింపి ఇవ్వండి, ఇక్కడే అందరి ముందూ లెక్కపెడదాం.