ఆ మైకు లాక్కున్నది బిర్యానీయేనండీ!

నమస్తే అండీ. మైకు వీడియో మీద మాట్లాడమని నాలుగు రోజుల నుంచి ఒకటే మెసేజులు. సరే, మాట్లాడేద్దాం. రొయ్య రైతుల అవగాహన సదస్సు. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, "రొయ్య తెల్లగా రెట్ట వేసే వైట్ ఫీకల్ జబ్బుకి మీరు చెప్పిన మందే వాడాను బాబూ, రొయ్య ఎదగలేదు, ఎందుకంటారు?" అని అడిగాడు. అడిగీ అడగకముందే చేతిలో మైకు మాయం. "టైమైపోయిందండీ, భోజనాలకి లేవండి" అన్నారు. అంతే వీడియో. మీరంతా ఆ మైకు లాక్కున్న కుర్రాణ్ణి పట్టుకుని తిడుతున్నారు. పాపం, వాడేం చేశాడండీ? ఆ మైకు లాక్కున్నది బిర్యానీ.

నవ్వకండి, నిజమే చెబుతున్నా. ఆ రోజు భోజనాలు పెట్టిందెవరు? మందుల కంపెనీ. భోజనాల ముందు ఆఖరి ఉపన్యాసం ఎవరిది? ఆ కంపెనీ టెక్నీషియన్‌దే. మరి ప్రశ్నలకి టైమ్ ఎప్పుడిచ్చారు? ఆయన దిగాక, ఒంటిగంటకి, మూతలు తీసిన డేగిశాల వాసన హాల్లోకి వచ్చేశాక. తెల్లారకముందే లేచి చెరువు చూసుకుని వచ్చిన మనిషి ఆ వాసన తగిలాక ప్రశ్న అడుగుతాడా, ప్లేటు పట్టుకుంటాడా? భోజనం ఎవరు పెడితే ప్రశ్నలు వాళ్ల గుప్పిట్లో ఉంటాయి. ఇదీ నా బిర్యానీ సిద్ధాంతం. రాసి పెట్టుకోండి.

నీకెలా తెలుసురా అంటారా? ఆ కార్యక్రమం వేసిన కమిటీలో నేనూ ఉన్నాను. ఆయ్, ఇప్పుడు నన్ను తిట్టండి.

ఏం జరిగిందంటే, మా రొయ్య రైతుల సంఘం గ్రూపులో మెసేజ్ పెట్టారు, సదస్సులో ఏమేం ఉండాలో ఆలోచించి కార్యక్రమం తయారు చేయడానికి స్వచ్ఛందంగా ఎవరైనా వస్తారా అని. అదే ఫ్లెక్సీలో ఫొటో కావాలా అని అడిగితే గ్రూపు హ్యాంగ్ అయిపోయేది. ఈ పనికి మాత్రం ముగ్గురం తేలాం. నేను, ల్యాబ్‌లో పనిచేసే ఒక కుర్రాడు, ఒక మందుల డీలరుగారు. కూర్చున్న మొదటి రోజే డీలరుగారు జేబులోంచి కాగితం తీశారు. స్పీకర్లతో సహా అంతా ప్రింటయిపోయి ఉంది. "మీకెందుకండీ శ్రమ, బ్యాగులు, భోజనాలు అన్నీ మేం చూసుకుంటాం" అన్నారు. మనం గోదారోళ్లం, భోజనం పెడతానన్నవాణ్ణి కాదంటే మర్యాదగా ఉంటుందా? సరేనన్నాను. ల్యాబ్ కుర్రాడు నావంక ఒక చూపు చూశాడు. ఆ చూపు ఇంకా గుర్తుంది నాకు.

ఇక ఆ రోజు సంగతి. వేదిక మీద కుర్చీలు చాలక కింద నుంచి మోసుకెళ్లారు. ప్రతి ఉపన్యాసమూ కాటన్ దొరతోనే మొదలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కల్లా పూర్తయింది. మన సదస్సుల్లో మాత్రం ఇంకా కడుతూనే ఉన్నారు. తర్వాత మన సరుకు మీద అమెరికా వేసిన సుంకం. 2025 ఆగస్టులో 50 శాతానికి చేరింది, కడుపు మండింది, నిజమే. కానీ దాని మీద గంటసేపా? ట్రంప్‌గారు ఏ ఆకివీడులోనో ఉంటే వెళ్లి నాలుగు మాటలు అడిగి రావచ్చు. చెరువు మాత్రం మన చేతిలోనే ఉంది కదండీ, దాని సంగతేంటి?

అసలు విషయం ఈహెచ్‌పీ, అంటే రొయ్య కడుపులో చేరే ఒక సూక్ష్మజీవి, అది తెచ్చే జబ్బు. పెద్దాయన అడిగిన వైట్ ఫీకల్ వెనక చాలాసార్లు ఉండేది ఇదే. ఆ టాపిక్‌కి ఎంత ఇచ్చారో తెలుసా? పది నిమిషాలు. అది ల్యాబ్ కుర్రాడు పోట్లాడి పెట్టించిందే. శాలువాలు కప్పడం ఆలస్యమైందని అందులోనూ సగం కోసేశారు. ఈ సూక్ష్మజీవికి 2009లో థాయ్‌లాండ్‌లో పేరు పెట్టారు. మన దేశంలో ఇప్పుడు మనం పెంచే వనామీ రకం రొయ్య సాగుకి అనుమతి వచ్చిందీ ఆ ఏడాదే. ఇది వైట్ స్పాట్ వైరస్ జబ్బులా రాత్రికి రాత్రి చెరువు తుడిచిపెట్టదు. రొయ్య బతికే ఉంటుంది, ఎదగదు. చచ్చిన రొయ్యని తిన్నా, రెట్ట తిన్నా పక్క రొయ్యకి అంటుకుంటుంది. ఒకసారి చెరువులోకి దిగిందంటే వదిలించడం మహా కష్టం. అందుకే చేయాల్సిందంతా సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వేయకముందే చేయాలి. సీడ్‌లో జబ్బు ఉందేమో ల్యాబ్‌లో పీసీఆర్ పరీక్ష చేయించాలి. చెరువు ఎండబెట్టాలి. హెక్టారుకి 6 టన్నుల కాల్చిన సున్నం కలియదున్ని, తడిపి, మట్టి పీహెచ్ 12కి తేవాలి. ఎకరానికి దాదాపు 2.4 టన్నులు! ఎవరైనా చల్లుతున్నారా? ఎవరైనా చెప్పారా? సున్నం బస్తా మీద ఏం మిగులుతుందండీ చెప్పడానికి. మందు డబ్బా మీదైతే మిగులుతుంది.

వీడియో బయటికి వచ్చాక పెద్దాయన చెరువుకి వెళ్లాను. తెల్లవారుజామున నాలుగున్నర. నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయి. మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగారు. టార్చి వేసి చూస్తే మేత సగం అలాగే ఉంది. ఒక రొయ్యని అరచేతిలో పెట్టి చూపించారు. తొంభై రోజుల రొయ్య, నా చిటికెన వేలు కంటే కాస్త పెద్దది. కిలోకి 120 రొయ్యలు తూగుతున్నాయి. పేగు తెల్లగా, దారంలా కనిపిస్తోంది. "నేను గొడవకి అడగలేదు బాబూ, తెలియక అడిగాను" అన్నారు. ఏం చెప్పాలో నాకు తోచలేదు. తల దించుకుని బండెక్కాను.

అందుకే ఈ వీడియో. కార్యక్రమం వేసేవాడిదే సంఘం. ప్రెసిడెంటుగారు దండ వేయించుకుంటారు, సెక్రటరీగారు రసీదు రాస్తారు. ఏడాదంతా రైతు చెవిలో ఏ మాట పడాలో తేల్చేది మాత్రం ఆ తెల్లకాగితం రాసేవాడే. అది మనం రాయకపోతే ఖాళీగా ఉండదు, ఎవరో ఒకరు ప్రింటు చేసి తెచ్చేస్తారు. "మాకు టైమ్ లేదు" అనకండి. రాజకీయాలు మాట్లాడుకోవడానికి టీ కొట్టు దగ్గర రెండు గంటలుంటున్నాం కదా.

నేనూ, ల్యాబ్ కుర్రాడూ మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి హాలు వద్దు, చెరువు గట్టు చాలు. వేదిక లేదు, శాలువా లేదు. పొద్దున్నే ఐదింటికి, నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయి ఉండే వేళ, మీటరు రైతు చేతికే ఇచ్చి కొలిపిస్తాం. నాలుగు పీపీఎం కంటే తగ్గితే ఏం చేయాలో అక్కడే మాట్లాడుకుందాం. ముందు ప్రశ్నలు, తర్వాతే పాఠం. ప్రశ్నలు వారం ముందే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేయండి, రాయక్కర్లేదు. సమాధానాలు చెప్పడానికి ఉండి ఊళ్లోని చేపల పరిశోధన కేంద్రం వాళ్లనీ, చెన్నైలో ఉప్పునీటి చేపల, రొయ్యల సాగు మీద పరిశోధన చేసే సీబా వాళ్లనీ అడుగుదామనుకుంటున్నాం. చిన్న రైతుల్ని సొసైటీలుగా కలపడానికి 2007లో పెట్టిన సర్కారు సంస్థ నాక్సా కూడా ఉంది. వీళ్లకి నెలాఖరు అమ్మకాల టార్గెట్లు ఉండవు. కంపెనీ వాళ్లూ రావచ్చు, వద్దనం. వెనక వరసలో నిలబడి వినాలి, అంతే.

ఇద్దరం సరిపోమండీ. ఇంకో నలుగురు కావాలి. ఒకరు ప్రశ్నలు పోగు చేయాలి, ఒకరు స్పీకర్ల వెంట పడాలి. పదిహేను రోజులయ్యాక ఆ రైతు చెరువుకి వెళ్లి, చెప్పింది చేశాడా లేదా చూసేవాళ్లు ఒకరుండాలి. ఆఖరిది మన సంఘాల చరిత్రలో ఎవరూ చేసినట్టు నాకైతే గుర్తు లేదు. పెద్దాయన తన గట్టు ఇస్తానన్నారు. మొదటి ప్రశ్న ఆయనదే, మైకు అక్కర్లేదు.

అన్నట్టు, నిన్న రాత్రి డీలరుగారు ఫోన్ చేశారు. "తెల్లవారుజామున కదండీ, ఖాళీ కడుపుతో ఏం నిలబడతారు? పెసరట్టు ఉప్మా అయినా మమ్మల్ని పెట్టనివ్వండి" అన్నారు. నాకు నోరూరిన మాట నిజం. జవాబు ఇంకా చెప్పలేదు.