లింకన్‌ను ఓడించిన పాస్టర్‌ని జోకర్‌గా మార్చేశారు!

ఆ కథ మీరు వినే ఉంటారు. సభలో పాస్టర్ "స్వర్గానికి వెళ్ళేవాళ్ళు లేవండి" అంటాడు, లింకన్ లేవడు. "మరి మీరెక్కడికి?" అంటే, "నేను కాంగ్రెస్‌కి!" అంటాడు, అంటే అమెరికా పార్లమెంటుకి. అందరూ పగలబడి నవ్వుతారు. ఆ పాస్టర్ పీటర్ కార్ట్‌రైట్. ఆ కథకు గట్టి ఆధారమే లేదు! అయినా ఆయన గురించి జనానికి తెలిసింది అదొక్కటే. నాకు ఒళ్ళు మండుతుంది.

అసలు విషయం వినండి. 1832లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్ర అసెంబ్లీ ఎన్నికల్లో కార్ట్‌రైట్ గెలిచాడు, లింకన్ ఓడిపోయాడు. అవును, అబ్రహాం లింకనే! నేరుగా జనం ఓటేసిన ఎన్నికల్లో లింకన్ ఓడింది ఆ ఒక్కసారే. గుర్రమెక్కి అడవుల్లో ఊరూరా తిరిగి బోధించిన మెథడిస్టు (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) మనిషికి ఎంత పలుకుబడి ఉండేదో ఆలోచించండి.

అసలు ఇల్లినాయ్‌కి ఎందుకొచ్చాడు? బానిసత్వం ఉన్న కెంటకీ రాష్ట్రంలో పిల్లల్ని పెంచడం ఇష్టంలేక, 1824లో కుటుంబంతో బయలుదేరాడు. దారిలో ఓ రాత్రి చెట్టు కింద పడుకుంటే, ఆ చెట్టు కూలి కూతురు సింథియా చనిపోయింది. అయినా వెనక్కి తిరగలేదు. ఇలాంటి మనిషినా మీరు జోకర్ అనేది?

1846లో కాంగ్రెస్ సీటుకు మళ్ళీ ఇద్దరూ తలపడ్డారు. లింకన్‌కి దైవభక్తి లేదని కార్ట్‌రైట్ గుసగుసలు పుట్టించాడని లింకనే ఆరోపించాడు. అది నిజమైతే తప్పే, నేను సమర్థించను. లింకన్ కరపత్రం వేసి జవాబు చెప్పాడు: ఏ చర్చిలోనూ సభ్యుణ్ణి కాను, కానీ బైబిల్ లేఖనాల సత్యాన్ని ఎన్నడూ కాదనలేదు అని. 6,340 ఓట్లు లింకన్‌కి, 4,829 కార్ట్‌రైట్‌కి. నా లెక్క ప్రకారం లింకన్ మతం గురించి ఆచితూచి మాట్లాడటం నేర్చుకుంది ఇక్కడే. నేర్పింది కార్ట్‌రైటే!

ఇప్పుడు అసలు దెబ్బ. 1859లో కార్ట్‌రైట్ మనవడు క్విన్ హారిసన్ మీద హత్య కేసు. చనిపోయిన కుర్రాడు క్రాఫ్టన్, లింకన్ ఆఫీసులోనే లా చదివినవాడు. అయినా మనవడి తరఫున వాదించింది ఎవరు? లింకన్! కీలక సాక్షి ఎవరు? కార్ట్‌రైట్! క్రాఫ్టన్ చావుబతుకుల్లో ఉండి, "తప్పు నాదే, హారిసన్‌ను క్షమిస్తున్నా" అన్నాడని ముసలాయన కోర్టులో చెప్పాడు. ఆ మాటను సాక్ష్యంగా తీసుకోవాలని లింకన్ గట్టిగా పట్టుబట్టాడు. తీసుకున్నారు. హారిసన్ నిర్దోషిగా విడుదలయ్యాడు. తనతో రెండుసార్లు పోటీపడ్డ మనిషి మాట మీదే లింకన్ కేసంతా నిలబెట్టాడండీ!