డబ్బా మందు కంటే ముందు తొడ బలం

శ్రోతలకు నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉంటున్న మన తెలుగువాళ్ళతో, ఇటు పాతపట్నం, ఇచ్ఛాపురం వాళ్ళతో ఈ పూట మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడతాను. ముఖ్యంగా ఆ నొప్పులకి మనం కొంటున్న డబ్బా మందుల గురించి. డాక్టరు చీటీ లేకుండా దొరికే గ్లూకోసమైన్ బిళ్ళలు, కొలాజెన్ పొడులు, "గుజ్జు పెంచుతుంది" అని చెప్పి అమ్మే సీసాలు, వీటన్నిటి సంగతీ.

ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళు చాలామంది చేతిసంచిలో ఇలాంటి డబ్బా ఒకటి పెట్టుకునే వస్తారు. జీడిపిక్కలు కొట్టి కొట్టి, రోజంతా నేలమీద మడిచి కూర్చున్న మోకాళ్ళు. మగ్గం గోతిలో కాళ్ళు దించి పట్టుచీర నేసిన మోకాళ్ళు. ఊడ్పుల్లో నడుం వంచిన మనుషులు. నెలకి వెయ్యో, రెండు వేలో ఆ డబ్బాకే పోతున్నాయి. కొడుకు సూరత్ నుంచి పంపే డబ్బులోంచి ఆ ఖర్చు తీస్తారు. అందుకే ఈ విషయం నాకు చిన్నదిగా అనిపించదు.

మోకీలులో ఎముకల చివర మెత్తటి మృదులాస్థి ఉంటుంది. మనం గుజ్జు అనేది దాన్నే. దానికి సొంతంగా రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది. కాలు కదిలినప్పుడు, బరువు పడి లేచినప్పుడు ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. నోట్లో వేసుకున్న కొలాజెన్ పొడి కడుపులో చిన్న చిన్న ముక్కలుగా అరిగిపోతుంది. ఆ ముక్కలు తిన్నగా మోకాలికి వెళ్ళి అరిగినచోట అతుక్కుంటాయని చూపించిన గట్టి ఆధారం లేదు.

గ్లూకోసమైన్ మీద పరీక్షలు చాలా జరిగాయి. వాటిలో పెద్దది అమెరికాలో ప్రభుత్వ సొమ్ముతో జరిగింది. ఫలితాలు 2006లో వచ్చాయి. 1,583 మందిని అయిదు గుంపులు చేశారు. ఒక గుంపుకి గ్లూకోసమైన్, ఒక గుంపుకి దానితో కలిపి అమ్మే కాండ్రాయిటిన్ అనే మరో సరుకు, ఒక గుంపుకి రెండూ, ఒక గుంపుకి నొప్పి మాత్ర, మిగిలిన గుంపుకి ఏ మందూ లేని ఉత్త బిళ్ళ. ఎవరు ఏది మింగుతున్నారో వాళ్ళకే తెలియదు. 24 వారాలయ్యాక చూస్తే, ఉత్త బిళ్ళ మింగినవాళ్ళలోనే నూటికి 60 మందికి నొప్పి అయిదో వంతైనా తగ్గింది. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ రెండూ మింగినవాళ్ళలో 67 మందికి దగ్గరగా తగ్గింది. ఆ తేడా మందువల్లే వచ్చిందని చెప్పడానికి చాలదు. నొప్పి బాగా ఎక్కువగా ఉన్న ఒక చిన్న గుంపులో మాత్రం రెండూ కలిపి వాడితే కొంత గుణం కనబడింది. అది చిన్న గుంపు, దాన్ని పట్టుకుని అందరికీ మందు రాయలేం. 2019లో అమెరికా కీళ్ళ వైద్యుల సంఘం మోకీలు అరుగుదలకి ఈ రెండూ వాడొద్దని గట్టిగానే చెప్పింది.

"మరి నాకు తగ్గింది కదమ్మా" అని అడుగుతారు. ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. తగ్గింది నిజమే, వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. అయితే మోకాలి నొప్పి ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. కొన్ని వారాలు పెరుగుతుంది, కొన్ని వారాలు దానంతట అదే దిగుతుంది. మనం డబ్బా ఎప్పుడు కొంటాం? నొప్పి నెత్తికెక్కినప్పుడు, రాత్రి నిద్ర పట్టనప్పుడు, పెళ్ళికి వెళ్ళాలి మెట్లెక్కలేను అనుకున్నప్పుడు. ఆ తరువాత నొప్పి ఎలాగూ కొంత దిగుతుంది. దిగిన గొప్ప డబ్బాకి దక్కుతుంది. పైగా మందు మొదలుపెట్టిన నెలలోనే కోడలు నీళ్ళ బిందె మోయనివ్వదు, చుట్టాలు కుర్చీ వేస్తారు, మనమూ కాస్త జాగ్రత్తపడతాం. అవన్నీ లెక్కలోకి రావు. అందుకే ఉత్త బిళ్ళతో పోల్చి చూడని పరీక్షని నమ్మకూడదు.

నడక సంగతి ప్రత్యేకంగా చూసిన పరీక్షలూ ఉన్నాయి. జపాన్‌లో మోకాళ్ళ నొప్పులున్న వందమందికి నాలుగు నెలలపాటు గ్లూకోసమైన్ కలిసిన ఒక మిశ్రమం ఇచ్చి, 2015లో ఆ ఫలితాలు ప్రచురించారు. నొప్పి కాస్త ఎక్కువున్నవాళ్ళలో మామూలు నడక వేగం మెరుగైందని అందులో ఉంది. ఇది మంచి కబురే, దాచాల్సిన పని లేదు. కానీ పరీక్ష చిన్నది, ఆ సరుకు తయారుచేసే కంపెనీవాళ్ళే అందులో పాలుపంచుకున్నారు. అలాంటప్పుడు, సంబంధం లేని మరొకరు మళ్ళీ చేసి చూపిస్తేనే నేను మీకు ధైర్యంగా చెప్పగలను.

పసుపు మీద కూడా చిన్న చిన్న పరీక్షల్లో నొప్పి కొంత తగ్గినట్టు వచ్చింది. వాటిలో వాడింది సారం తీసిన గుళికలు. పసుపులో గుణమిచ్చేదని చెప్పే కుర్కుమిన్ అనే పదార్థం ఉండేది నూటికి మూడు పాళ్ళ దరిదాపు, అది ఒంటికి పట్టేదీ తక్కువే. పాలల్లో చిటికెడు పసుపు వేసుకుని తాగండి, మంచిదే. దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

ఇప్పుడు జాగ్రత్తలు. గ్లూకోసమైన్ ఎక్కువగా రొయ్యల, పీతల పెంకుల నుంచి తీస్తారు. రొయ్యలు తింటే ఒళ్ళు దద్దురెక్కేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా దాని జోలికి పోవద్దు. గుండె జబ్బుకి రక్తం పలచబడే వార్ఫరిన్ వాడుతున్నవాళ్ళకి దీనితో రక్తస్రావం ప్రమాదం పెరగొచ్చు.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది సంతలో దొరికే పేరులేని పొడి. మూడో రోజుకే నొప్పి మాయమైందంటే సంతోషించకండి, అనుమానించండి. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు, నొప్పి మందులు కలిపి అమ్మిన సంగతులు మన దేశంలో బయటపడ్డాయి. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. పక్కనే ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలని కుంగదీసిందో మన చుట్టాల ఇళ్ళలోనే చూశాం. ఆ జబ్బుకి మూలం వేరే ఏదైనా కానీయండి, అసలే బలహీనంగా ఉన్న కిడ్నీ మీద నొప్పి మాత్ర భారం వేయడం చాలా తప్పు. మోకాలికి మరీ అవసరమైతే పైన రాసే నొప్పి జెల్ గురించి డాక్టర్ని అడగండి. ఒంట్లోకి తక్కువ పోతుంది.

మన సరిహద్దు ఊళ్ళలో ఇంకో చిక్కుంది. డబ్బా మీద రాత ఇంగ్లీషులోనో, హిందీలోనో ఉంటుంది. మన ముసలివాళ్ళు చదివేది తెలుగు. 2016లో వచ్చిన ఆహార భద్రత నిబంధనల ప్రకారం ఇలాంటి సరుకు మీద ఇది ఆరోగ్యానికి అనుబంధ ఆహారమనీ, వైద్యానికి వాడేది కాదనీ అచ్చువేయాలి. అంటే మందు కాదని డబ్బాయే చెబుతోంది! బడికెళ్ళే మనవడిచేత, మనవరాలిచేత ఆ చిన్న అక్షరాలు చదివించుకోండి. కొనకముందే చదివించండి.

మరి నడక ఎలా బాగుపడుతుంది? తొడ ముందుభాగంలో పెద్ద కండరం ఉంది. మెట్టు దిగేటప్పుడు మోకాలు మడతపడిపోకుండా పట్టి ఉంచేది అదే. నొప్పి ఉందని కాలు కదపకపోతే ఆ కండరం సన్నబడుతుంది, బరువంతా కీలు మీద పడుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. దాన్ని తిరిగి పెంచేది వ్యాయామమే. ఇందులో నాకు రవ్వంత సందేహం లేదు.

ఇప్పుడే, వింటూ చేయొచ్చు. మంచం మీద కాళ్ళు చాపి కూర్చోండి. తువ్వాలు చుట్టగా చుట్టి మోకాలి కింద పెట్టండి. మోకాలి వెనక భాగంతో ఆ చుట్టని కిందికి నొక్కండి. మడమ కాస్త లేస్తుంది, తొడ గట్టిపడుతుంది. చేత్తో తాకి చూస్తే తెలుస్తుంది. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. వారం పోయాక రెండోది. గోడకి ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఆసరా లేకుండా లేవండి, మెల్లగా కూర్చోండి. పడేయడం కాదు, కూర్చోవడం. ఎత్తు తక్కువ కుర్చీ అయితే కష్టం, కింద దిండు వేసుకోండి. మొదట్లో అయిదుసార్లు చాలు. చేశాక కాస్త నొప్పి పుట్టినా మర్నాటికి తగ్గిపోతే పరవాలేదు, తగ్గకపోతే సగం చేయండి. రెండు మూడు నెలలు విడవకుండా చేస్తేనే తేడా తెలుస్తుంది. పది రోజులకే విసుగుపడొద్దు.

బరువు ఎక్కువున్నవాళ్ళకి ఒక లెక్క చెబుతాను. ఒంటి బరువు కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద భారం నాలుగు కిలోల దాకా తగ్గుతుందని 2005లో కొలిచి చూపించారు. రాత్రి పూట అన్నం గిన్నె కాస్త చిన్నది చేసి, పప్పూ కూరా పెంచండి. పొద్దున చోడి అంబలి మనకి కొత్తేం కాదు.

కర్ర విషయంలో చాలామంది పొరబడుతున్నారు. కుడి మోకాలు నొప్పిగా ఉంటే కర్ర ఎడమ చేత్తో పట్టుకోవాలి. నొప్పి కాలు, కర్ర రెండూ కలిసి ముందుకు రావాలి. చెయ్యి వదిలేసి నిలబడితే మణికట్టు మడత దగ్గరికి కర్ర పిడి రావాలి. కింద రబ్బరు బుడిపె అరిగితే మార్చించండి. కర్ర పట్టుకుంటే ముసలివాళ్ళమైపోయామని సిగ్గుపడేవాళ్ళున్నారు. పడి తుంటి విరగడం కంటే అది ఎంతో నయం.

మోకాలు వాచి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా, కీలు మధ్యలో పట్టేసినా, పడ్డాక కాలు మీద బరువు వేయలేకపోయినా ఇవేవీ చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. గుణుపురం నుంచి విశాఖ బండెక్కి పెద్దాసుపత్రికి పోయేవాళ్ళు, వాడుతున్న డబ్బాలూ పొడులూ అన్నీ ఓ సంచిలో వేసి డాక్టరు బల్ల మీద పెట్టండి. దాచొద్దు. తిడతారని భయపడి దాచినదే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

సెలవు. నమస్కారం.