కక్కిన వెంటనే మళ్ళీ ఆకలి

శ్రోతలకు నమస్కారం.

పసిబిడ్డ పాలు కక్కడం ప్రతి ఇంట్లో ఉండేదే. భుజాన వేసుకుని తేన్పు తీయిస్తాం, కొంగుతో మూతి తుడుస్తాం, అంతే. కానీ నెల బిడ్డ తాగిన పాలు పెదవి చివర కారకుండా పిచికారీ కొట్టినట్టు దూరంగా చిమ్ముతుంటే? కక్కిన మరుక్షణమే మళ్ళీ పాల కోసం వెతుక్కుంటుంటే? ఆకలి బాగుందిలే అని మురిసిపోకండి.

పొట్టలోంచి పేగులోకి పాలు దిగే చోట పైలోరస్ అనే సన్నని ద్వారం ఉంటుంది. కొందరు బిడ్డలకు, ఎక్కువగా 3 నుంచి 6 వారాల వయసులో, దాని చుట్టూ ఉన్న కండరం మందమెక్కి దారి బిగిసిపోతుంది. కిందికి దిగని పాలు పైకి తన్నుకొస్తాయి. పైత్యరసం కలిసేది ఆ ద్వారం దాటాకే కాబట్టి ఈ వాంతిలో పసరు ఉండదు. ఆకుపచ్చగా కక్కితే అది వేరే ప్రమాదం, తెల్లారేదాకా కూడా ఆగకూడదు.

పాలు దిగే దారి ఇలా బిగిసిపోవడాన్నే పైలోరిక్ స్టెనోసిస్ అంటారు. మగపిల్లల్లో 4, 5 రెట్లు ఎక్కువ. తొలిచూలు బిడ్డల్లోనూ ఎక్కువే. బాలింత పథ్యం తప్పడం వల్ల వచ్చేది కాదు, దయచేసి ఆమెను దెప్పకండి.

ఇళ్లలో ఏం జరుగుతుంది? పాలు పడలేదంటారు, డబ్బా మారుస్తారు, దిష్టి తీస్తారు. ఈలోగా తడిసే గుడ్డలు తగ్గుతాయి, బిడ్డ బరువూ తగ్గుతుంది.

స్కానింగ్‌లో కండరం మందం 3 మిల్లీమీటర్లు దాటితే జబ్బు దాదాపు ఖాయం. అయినా డాక్టర్లు వెంటనే ఆపరేషన్‌కి తీసుకెళ్లరు. ముందు సెలైన్ ఎక్కిస్తారు. "రోజంతా పడుకోబెట్టారు, ఏమీ చేయట్లేదు" అని బంధువులకు టెన్షన్. వాంతులతో పొట్టలోని ఆమ్లం, ఒంట్లోని లవణాలు పోయాయి. అవి సర్దుకోకుండా మత్తు ఇస్తే, తర్వాత బిడ్డకు ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ కథ చిత్రమైనది. 1911లో జర్మనీలో రామ్‌స్టెట్ అనే సర్జన్ ఆ కండరాన్ని నిలువుగా కోసి, కుట్లు వేయబోతే అవి నిలవక తెగిపోయాయి. చేసేది లేక అలాగే వదిలేశాడు. బిడ్డ బతికాడు. మరుసటి ఏడాది ఇంకో బిడ్డకు కావాలనే కుట్లు మానేశాడు. లోపలి పొర తెగకుండా కండరాన్ని చీల్చి వదిలేసే ఆ పద్ధతే నేటికీ నడుస్తోంది.

ఆపరేషన్ అయిన కొన్ని గంటలకే పాలు పట్టడం మొదలుపెడతారు. ఒకటి రెండు రోజులు బిడ్డ కాస్త కక్కినా కంగారు పడక్కర్లేదు. వాచిన దారి సర్దుకోవడానికి ఆ మాత్రం టైం పడుతుంది.